మిషన్ వచ్చిన ఏడాది

డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్నకు తిరుపతయ్య దగ్గర జవాబు ఉంది. తమ్ముడు చలపతి ఏం పని చేస్తాడని ఆమె అడిగింది.

"రాతిపని. మా నాయనదీ అదే, నాదీ అదే. ఆళ్లగడ్డలో మా ఇండ్లలో వేరే పని లేదు. మా నాయన ఎనభై ఒకటో ఏట గూడా ఉలి పట్టినాడు. ఈ పనితో జబ్బు రాదని చెప్పు పాపా."

రాజ్యశ్రీ దాన్ని జర్మన్‌లో చెప్పింది. ఆమె జర్మనీలో, ఈ మాగ్డెబర్గ్‌లోనే ఎమ్మెస్ చదువుతోంది. ఊరి చివర తెలుగువాళ్లు గుడి కట్టుకుంటూ ఈ అన్నదమ్ములను విగ్రహాల పనికి పిలిపించారు. వీళ్లకు భాష అవసరమైన చోటికల్లా గుడి కమిటీ ఆమెనే పంపుతోంది. కిందటి వారం చలపతి ద్వారపాలకుడి పాదాలు చెక్కుతూ ఊపిరాడక కూలబడ్డాడు. డాక్టర్ అపాయింట్‌మెంట్ దొరికిన రోజున ఆమె ఇద్దరినీ ఆసుపత్రికి తీసుకొచ్చింది. తిరుపతయ్యకు అరవై, చలపతికి నలభై రెండు. చూసినవాళ్లు చలపతినే అన్న అనుకుంటున్నారు.

"వీనికి బీడీలెక్కువ. అదీ సంగతి," అన్నాడు తిరుపతయ్య.

"మానేసి ఆరేండ్లాయె గదన్నా." ఆ మాట పూర్తి చెయ్యడానికి చలపతి రెండుసార్లు ఆగాడు.

డాక్టర్ ఇద్దరికీ ఎక్స్‌రే తీయించి, రెండూ తెర మీద పక్కపక్కన పెట్టింది. ఒకదానిలో పైభాగమంతా మచ్చలు. రెండోదానిలో లేవు.

"మచ్చలు లేనిది మీది అంకుల్," అంది రాజ్యశ్రీ.

చలపతి నవ్వాడు. "ముసలోనికి ఊపిరి, పడుచోనికి దగ్గు. బాగుండాది బేరం."

డాక్టర్ మళ్లీ ఏదో అడిగింది.

"ఏం పని అని కాదంట అంకుల్. ఆ పని ఎట్లా చేస్తారు, ఎప్పటినుంచి అట్లా చేస్తున్నారు అని. ఉలితోనా, మిషన్‌తోనా? మిషన్ ఏ ఇయర్‌లో వచ్చింది?"

ఆ ఏడాది తిరుపతయ్యకు గుర్తుంది. చలపతి ఇంటర్ తప్పి పనిలోకి వచ్చాడు. నెల తిరక్కుండానే అరచేతులు బొబ్బలెక్కి చిట్లాయి. అన్నం కలుపుకోలేకపోతే వదిన కలిపి తినిపించింది. అది చూసి తిరుపతయ్య బెంగళూరు పోయి గ్రైండర్ మిషన్ తెచ్చాడు. వీధిలో అదే మొదటిది. ఉలితో నెల పట్టే బండ వారంలో రూపానికి వచ్చేది. ఆ మోత తనకు పడలేదు. మిషన్ తమ్ముడికి వదిలి, కొట్టం రెండో చివర కూర్చుని ఉలితో ముఖాలు చెక్కుకునేవాడు. సాయంత్రానికి చలపతి రెప్పలు కూడా తెల్లబడేవి. పెండ్లికాకముందే పౌడరు పూసుకుంటివే అని వదిన ఆటపట్టించేది.

"తొంభై తొమ్మిది," అన్నాడు తిరుపతయ్య.

డాక్టర్ చాలాసేపు మాట్లాడింది. రాజ్యశ్రీ తలవంచుకుని విన్నది.

"ఉలి కొడితే రాయి పెచ్చులుగా రాలుతుంది. ఆ దుమ్ము చాలావరకు ముక్కులో, గొంతులో ఆగిపోతుంది. మిషన్ దుమ్ము కంటికి కూడా కనపడదంట. లంగ్స్ లోతుకు పోయి అక్కడే ఉండిపోతుంది. దీన్ని సిలికోసిస్ అంటారు. మీ నాన్నగారు చేసిందీ మీ తమ్ముడు చేసిందీ ఒకే పని కాదంటున్నారు అంకుల్. పేరే ఒకటి."

"మందు?" అన్నాడు తిరుపతయ్య.

రాజ్యశ్రీ చలపతి వైపు చూసింది.

"చెప్పు పాపా. నా ఊపిరే గదా."

"పోయింది తిరిగి రాదంట. ఇంక దుమ్ములోకి పోకూడదు. మానేసినా పెరగొచ్చంట."

ఇక్కడి గుడి దగ్గర మిషన్‌కు దుమ్ము పీల్చే గొట్టం బిగించి ఇచ్చారు. మొదటిరోజు దాన్ని చూసి, రాతికి చీమిడి తుడిచేవాళ్లురా వీళ్లు అని తిరుపతయ్యే అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు.

డాక్టర్ చివరగా ఒకటి అడిగింది. ఊళ్లో ఆ మిషన్ దగ్గర ఇప్పుడెవరైనా ఉన్నారా?

తిరుపతయ్య జేబులో ఫోన్ తడుముకున్నాడు.

"విశ్వతేజ," అన్నాడు చలపతి. "అన్న కొడుకు. ఐదేండ్లాయె వాడు మిషన్ పట్టి."

తిరుపతయ్య లేచి, ఫోన్ తీసుకుని వరండాలోకి నడిచాడు.

"నాయనా, చిన్నాయనకెట్లుండాది?" విశ్వతేజ గొంతు వెనక మోత.

"మిషన్ ఆపు."

మోత ఆగింది. "ఆపినా. చెప్పు."

"ఈ పొద్దుకు కాదురా. ఇంక పట్టొద్దు. ఉలి తీసుకో."

"ఉలితోనా? ఉగాదికి మూడు విగ్రహాలియ్యాల. వీధిలో ఎవురు నాయనా ఉలి పట్టేది?"

"మీ చిన్నాయనకు మిషన్ దుమ్ముతోనే వచ్చిందంట."

"ఆయనకు బీడీలు గదా. రాతిపనితో జబ్బు రాదని నువ్వే అంటివి. తాత ఎనభై ఒకటో ఏట గూడా చెక్కలా?"

"తాతకు మిషన్ లేదురా."

"అందుకే ఏడాదికి పదే విగ్రహాలు చేసినాడు. ఇది అయిపోనీ, రాత్రికి మాట్లాడదాం."

విశ్వతేజ ఫోన్ పెట్టెయ్యడం మరిచాడు. మోత మళ్లీ మొదలైంది. తిరుపతయ్య వరండాలో నిలబడి, విశ్వా, విశ్వా అని పిలుస్తూనే ఉన్నాడు. దారిన పోయే నర్సు ఆగి చూసి వెళ్లింది.

చలపతి గోడ పట్టుకుంటూ వచ్చాడు. అన్న చేతిలోంచి ఫోన్ తీసుకుని నోటి దగ్గర పెట్టుకున్నాడు. పొద్దుటినుంచి బిగబట్టుకున్న దగ్గును ఇక ఆపుకోలేదు. తిరుపతయ్య అతని వీపు మీద చెయ్యి వేసి ఫోన్ వైపు చెవి వంచాడు. తమ్ముడు ఊపిరి కోసం ఆగినప్పుడల్లా అవతల మిషన్ వినిపిస్తూనే ఉంది.