బయట తాళం, లోపల మనిషి

నేను ఒక తాళంకప్పను. అలీగఢ్‌లో పుట్టాను, హనుమకొండలో ఒక కాలేజీ హాస్టల్ గది తలుపుకు వేలాడి ముసలిదాన్నయ్యాను. ఇప్పుడు మెస్ వెనక ఇనప సామాన్ల కుప్పలో ఉన్నాను. జాలి పడకండి, నాకది నచ్చదు.

ఎంత మంచి రోజులవి! స్టడీ అవర్ గంట కొట్టగానే ఇద్దరు లోపల ముసుగుతన్ని పడుకునేవాళ్లు. మూడోవాడు బయట నన్ను వేసి, తాళంచెవి జేబులో వేసుకుని పోయేవాడు. వార్డెన్ నన్ను చూసి గదిలో ఎవరూ లేరనుకునేవాడు. అంత చదువుకున్న మనిషి, ఇనప ముక్క మాట నమ్మేవాడు. బ్యాచ్‌లు మారినా ఈ ఆచారం మారలేదు. లోపలి గుసగుసలు, దొంగచాటుగా పంచుకున్న సకినాల కరకరలు ఇప్పటికీ గుర్తొస్తాయి.

తర్వాత ఆ గదికి నిఖిలేశ్, జంపన్న వచ్చారు. నిఖిలేశ్ కబడ్డీలో మోకాలు విరగ్గొట్టుకున్నాడు. నొప్పి తగ్గింది, నొప్పి గోళీలు మాత్రం ఆగలేదు. డాక్టర్ చీటీ లేకుండా అమ్మేవాడికి సిగ్గు లేదు, అడిగే దిక్కు లేదు. ఒక మధ్యాహ్నం గుప్పెడు మింగి, పైన దగ్గుమందు తాగి పడిపోయాడు. పడుకుంటే మత్తు దిగుతుందన్నాడు పక్కగదివాడు. వార్డెన్‌కు తెలిస్తే కాలేజీ నుంచి తీసేస్తారని జంపన్నకూ, వాడికీ భయం. జంపన్న బయటి నుంచి నన్ను వేసి తలుపు దగ్గరే కూర్చున్నాడు. పక్కగదివాడు తాళంచెవి పట్టుకుని బజారుకు పోయాడు.

లోపల గరగరమని గురక. గురక ఉంది కదా అని జంపన్నకు ధైర్యం. అది నిద్ర గురక కాదు, ఊపిరి అందని చప్పుడు. కాసేపటికి అదీ ఆగింది. జంపన్న పరుగున పోయి వార్డెన్ కొమురెల్లి సారునే లాక్కొచ్చాడు.

“తాళం ఉన్నది కదరా,” అన్నాడు సారు.

“మేమే ఏసినం సార్. లోపల మనిషున్నడు. గోళీలు మింగిండు.”

సారు తిట్టలేదు. అంబులెన్స్‌కు ఫోన్ చేసి, మెస్ నుంచి రోకలి తెప్పించాడు. గట్టిదాన్నని బతుకంతా మిడిసిపడ్డాను. ఆ పూట మాత్రం ఒక్క దెబ్బకే విరగాలనుకున్నాను. విరగలేదు, పాడు ఇనుము! కొట్టగా కొట్టగా ఊడి గడప మీద పడ్డాను.

నిఖిలేశ్ పెదాలు నీలంగా ఉన్నాయి. సారు వాడి తల వెనక్కి వంచి, ముక్కు మూసి, నోట్లోకి ఊపిరి ఊదుతూనే ఉన్నాడు. అంబులెన్స్ వచ్చింది. జంపన్న ఏదీ దాచకుండా ఖాళీ గోళీల అట్ట వాళ్ల చేతిలో పెట్టాడు. అది చూసి విరుగుడు సూది వేశారు. వాడు దగ్గాడు.

ఇప్పుడు తలుపుల బయటి గొళ్లేలన్నీ పీకేశారు. ఇలాంటప్పుడు వచ్చి చెప్పినవాడిని ఏమీ అనమని సారు అందరికీ చెప్పాడు. ఆ ముక్క ముందే చెప్పి ఏడిస్తే ఏం పోయేది?

నిఖిలేశ్ తిరిగొచ్చాక ఇద్దరూ ఈ కుప్ప పక్కనే కూర్చున్నారు.

“సారుకెందుకు చెప్పినవ్‌రా?”

“నువ్వు గురక ఆపినవ్, అందుకే.”

ఇద్దరి ఊపిరీ నాకు వినిపిస్తూనే ఉంది.