యాడ్ వచ్చినంక రా

మిరపకాయ బజ్జీల పళ్లెం పట్టుకుని మహేశ్వరి వంటింటి గడప లోపలే నిలబడింది. టీవీలో ఓవర్ ఇంకా అయిపోలేదు. యాడ్ వస్తే గానీ ముందుగదిలో కాలు పెట్టకూడదు. ఒకసారి ఆమె నీళ్లు తెచ్చిన బంతికే వికెట్ పడింది. "నీ కాలు మంచిది గాదు, యాడ్ వచ్చినంక రా" అన్నాడు మొగుడు గోవర్ధన్, దోస్తులందరి ముందూ. తన కొడుకు పాల దుకాణం ఎదగకపోవడం కూడా ఆ కాలి పుణ్యమేనని అత్త నాగమణమ్మ ఛత్రినాక బస్తీలో విన్నవాళ్లకూ విననివాళ్లకూ చెప్పుకొచ్చింది.

అప్పటినుంచి మహేశ్వరి చూసినవన్నీ యాడ్‌లే. పళ్లేలు అందిస్తూ, గ్లాసులు ఏరుతూ, ముక్కలు ముక్కలుగా. పోయిన వరల్డ్ కప్పులో మరిగే నూనె మణికట్టు మీద చిందితే, మందు ముందుగది బీరువాలో ఉందని ఉరికొచ్చింది. గోవర్ధన్ టీవీ మీంచి కళ్లు తిప్పకుండానే చెయ్యెత్తి ఆగమన్నాడు. ఆగింది. చర్మం బొబ్బలెక్కుతుంటే చూసుకుంటూ ఓవర్ అయ్యేదాకా ఆగింది. అప్పుడొచ్చిన యాడ్‌లో ఒకాయన పెళ్లాం చేతికి బంగారు గాజు తొడుగుతున్నాడు. కాలిన మంట నాలుగు రోజుల్లో పోయింది. ఎత్తిన ఆ చెయ్యి మాత్రం ఆమె కళ్లల్లోంచి పోలేదు.

ఇవాళ సెమీఫైనల్. మనవాళ్లు ఓడిపోయేలా ఉన్నారు. యాడ్ వచ్చింది, మహేశ్వరి లోపలికొచ్చి బజ్జీలు, చాయ్ అందరికీ పెట్టింది. టీవీలో, ఆఫీసు నుంచి అలసి వచ్చిన భార్యకి మొగుడు చాయ్ కలిపి ఇస్తున్నాడు.

"మొగోడంటే గట్లుండాలె" అన్నాడు గోవర్ధన్, గొంతులో తడితో. ఆ తడి ఆరకముందే, "చాయ్‌ల చక్కెర ఏదే?" అన్నాడు.

ఆమె కదల్లేదు. మళ్లీ అడిగాడు. చెవిటిదానివా అని తిట్టి, తనే లేచి వంటింట్లోకి పోయాడు. ఖాళీ అయిన సోఫా మూల ఆమెకేసి చూసింది. వెళ్లి కూచుంది.

యాడ్ అయిపోయింది. మొదటి బంతి సిక్సరు. రెండోదీ అంతే.

గోవర్ధన్ దోస్తు బాలకిషన్ రెండు చేతులూ చాపి అందర్నీ ఆపాడు. "ఎవ్వలు కదలొద్దు. వదినా, గాడ్నే కూసో. అన్నా, నువ్వు గడప దాటకు."

చక్కెర డబ్బా చేతబట్టి గోవర్ధన్ వంటింట్లోనే ఆగిపోయాడు. పరుగులొస్తున్నప్పుడు ఎక్కడివాళ్లు అక్కడే ఉండాలన్నది ఆ గదిలో ఎప్పట్నుంచో ఉన్న కట్టుబాటు. పెట్టింది గోవర్ధనే. పొయ్యి మీద పాలు పొంగాయి. గోడవార కూచున్న నాగమణమ్మ కోడలి వైపు గుడ్లురిమింది.

"నేను లేస్తే వికెట్ పడ్తది అత్తమ్మా" అంది మహేశ్వరి మెత్తగా.

గోవర్ధనే పొయ్యి ఆర్పాడు. బజ్జీలు అయిపోయాయన్నారెవరో. వదిన లేవొద్దని అందరూ ఒక్కమాట మీదున్నారు గనక, అన్న వెయ్యాల్సిందే అన్నారు. గిన్నెల చప్పుడయ్యింది కాసేపు.

"శనగపిండి ఏడున్నదే?"

"యాడ్ వచ్చినంక చెప్త."

దోస్తులు విరగబడి నవ్వారు. గోవర్ధన్ ఒక్కో డబ్బా మూత తీసి చూసుకున్నాడు. మహేశ్వరి ఆ రోజు మ్యాచ్ చివరి బంతి దాకా చూసింది. గెలుపంటే ఇంత రుచిగా ఉంటుందని ఆమెకెవరూ చెప్పలేదు.

గల్లీలో పటాకులు పేలుతున్నాయి. ఆదివారం ఫైనల్‌కీ ఇవే జాగాలని బాలకిషన్ తేల్చేశాడు, అందరూ తలలూపారు. చెమటలు కక్కుతూ గోవర్ధన్ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"అయిపోయింది గద, ఇగ లే."

మహేశ్వరి లేవలేదు. కాళ్లు చాపుకుని ఇంకాస్త వెనక్కి వాలింది.

"ఆదివారం పన్నెండు మందొస్తరంట. బిర్యానీ అడుగుతుండ్రు. మటన్ పొద్దుగాల్నే తెచ్చుకో."