అరిగిన చుక్కలు

ఆ ఇంట్లో పెత్తనమంతా ఆవిడదే. ఆయన భోజనానికి కూర్చునేసరికి కంచం పక్కన సుగరు మాత్ర ఉండాల్సిందే. ఇన్నేళ్లలో ఒక్క పూట తప్పనిస్తే ఒట్టు.

ఆయనకు పుట్టుకతోనే చూపు లేదు. అంధుల పుస్తకాలు వేసే అచ్చాఫీసులో బ్రెయిలీ ప్రూఫులు దిద్దుతాడు. ఆ ఉబ్బెత్తు చుక్కల మీద వేళ్లు పరిగెత్తాయంటే ఒక్క తప్పు తప్పించుకోలేదు. అందుకే అక్కడందరూ ఆయన్ని ముద్దుగా ‘డేగకళ్లు’ అంటారు. ఆ పేరు వింటే ఆయనకు ఎక్కడలేని గర్వం.

సాయంత్రం టీ తాగాక భార్యకు ఓడ సరంగు కథ చదివి వినిపించడం ఆయనకు పెళ్లయిన కొత్తలో పట్టుకున్న అలవాటు. ఇంకొక అలవాటు కూడా ఉంది. ఆవిడ గొంతు కాస్త తేడాగా వినిపిస్తే చాలు, బొటనవేలితో చెంప తడిమి చూసేవాడు. తడి తగిలిందో, “ఎవరేమన్నారు?” అని నిలదీసేవాడు. ఆ వేలి ముందు ఆవిడ అబద్ధాలేవీ చెల్లేవి కావు.

అలాంటి మనిషికి అరికాళ్లలో మంటలు మొదలయ్యాయి. “అదంతా సుగరే, నోరు కట్టేయించు” అంది పక్కింటి వదిన. ఇంకేం, ఆవిడ కొంగు బిగించింది. పాలు, గుడ్లు, చేపలు, మాంసం, అన్నీ బంద్.

“నన్ను మేకని చేసి ఆకులు మేపుతున్నావే!”

“మీరు చల్లగా ఉంటే అంతే చాలు. నోరు మూసుకుని మేయండి.”

కొన్నాళ్లకు ఒక సాయంత్రం ఆయన చదువుతూ చదువుతూ ఆగిపోయాడు. “అక్షరాలు ఆనడం లేదే.”

“ఆనవు మరి! పెళ్లయినప్పట్నించీ అదే పుస్తకాన్ని రుద్దుతుంటే చుక్కలు అరిగిపోవూ?”

ఆ మాట ఆయనకూ నచ్చింది. వేళ్లతో ఎంతగా చదివితే చుక్కలు అంతగా అణిగిపోవడం వాళ్లింట్లో మామూలే. అచ్చాఫీసులో ప్రూఫుల్లో తప్పులు దొర్లితే యంత్రం సరిగ్గా నొక్కడం లేదన్నాడు. డేగకళ్లు చెప్పాక కాదనేదెవరు? యంత్రాన్ని విప్పి బాగుచేశారు.

ఆవిడ అచ్చాఫీసు వాళ్లను బతిమాలి అదే కథ కొత్త ప్రతి తెప్పించింది. ఆయన ఒళ్లో పెట్టుకుని పుస్తకం తెరిచి, “ఆహా, ఇప్పుడెంత బాగున్నాయో!” అంటూ మొదలుపెట్టాడు. సముద్రంలో తుఫాను రేగింది, సరంగు కేకలు వేస్తున్నాడు. ఆవిడ సంబరంగా తొంగిచూసింది. ఆయన వేళ్లు పరిగెడుతున్నది మొదట్లో ఉండే ఖాళీ కాగితం మీద. దాని మీద ఒక్క చుక్కా లేదు.

డాక్టరు రక్తపరీక్షలు చూసి తల పంకించాడు. “సుగరు అదుపులోనే ఉందమ్మా. అడుగంటింది బి12 విటమిన్. ఈ మాత్ర ఏళ్ల తరబడి వాడితే కొందరికి ఆ విటమిన్ ఒంటికి సరిగ్గా పట్టదు. దానికి తోడు అది దొరికే తిండంతా మానేశారు. నరాలు దెబ్బతిన్నాయి.”

“మాత్ర వేసిందీ నేనే, తిండి మాన్పించిందీ నేనే” అంది ఆవిడ.

“మాత్ర మానొద్దు, దాని మేలు అది చేస్తోంది. మధ్యమధ్యలో ఈ పరీక్ష చేయించమని మేం చెప్పాల్సింది. ఇంజెక్షన్లు మొదలుపెడదాం.”

“వేళ్లు బాగవుతాయా?”

“కాళ్ల మంటలు తగ్గొచ్చు. వేళ్ల సంగతి చెప్పలేను. బాగా ఆలస్యమైంది.”

మంటలు తగ్గాయి. నడక కుదుటపడింది. వేళ్లు మాత్రం తిరిగి రాలేదు. అచ్చాఫీసులో ఆయన కుర్చీలో ఇంకొకరు కూర్చున్నారు.

సాయంత్రం టీ తాగాక మాత్రం పుస్తకం ఒళ్లోకి రావాల్సిందే. ఆయన కంఠతా వచ్చిన ఆ కథే చెబుతాడు, ఆవిడ పక్కన కూర్చుని పేజీలు తిప్పుతుంది. ఒక రోజు తుఫాను దగ్గర ఆయనకు ఒక మాట గుర్తుకు రాలేదు. కాగితం మీద వేళ్లతో అటూ ఇటూ వెతికాడు. ఆ వెతుకులాట చూడలేక ఆవిడే ఆ మాట అందించింది.

“గొంతు అదోలా ఉందేమిటే?” అంటూ చెయ్యి చాపి, బొటనవేలితో ఆవిడ చెంప తడిమాడు. కన్నీళ్లు ఆ వేలి మీంచి ధారగా కారుతున్నాయి.

“హమ్మయ్య, ఏడవడం లేదు” అన్నాడు తేలిగ్గా ఊపిరి పీల్చుకుని.

“నేనెందుకేడుస్తానండీ, చదవండి” అంది ఆవిడ.