ఏడో డిస్కు

ఆ కేంద్రంలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. వైర్లమ్మ అంటే చాలు, పలికేది. సర్వరు గదిలో ఒక్క తీగ వంకరగా వేలాడినా ఆమెకు అన్నం సహించదు. అన్నీ వరసగా దువ్వి, ప్లాస్టిక్ పట్టీలతో జడలల్లినట్టు బిగిస్తే గానీ ఇంటికి కదలదు. తప్పు పట్టాల్సిన గుణం కాదు గానీ, మనిషికి కాస్త మురిపెం ఎక్కువే.

ఆపరేషనై మాట పోగొట్టుకోబోయేవాళ్లు ముందుగానే అక్కడికొచ్చి, గంటల తరబడి వాక్యాలు చదివి రికార్డు చేసుకుంటారు. ఆ తర్వాత వాళ్లు ట్యాబ్‌లో ఏం టైపు చేసినా అది వాళ్ల గొంతుతోనే పలుకుతుంది. ఆ గొంతులన్నీ ఎనిమిది డిస్కులున్న పెట్టెలో ఉంటాయి. కిందటి వారం చదివి వెళ్లినవాళ్లలో ఆమె సొంత అన్నయ్య ఉన్నాడు. మంగళవారం ఆపరేషన్ అయింది. ఇప్పుడాయనకు గొంతంటూ ఉంటే ఆ పెట్టెలో ఉన్నదే.

శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి ఆమె తలుపు తీసేసరికి అయిదో డిస్కు, ఆరో డిస్కు ఎర్రదీపాలు వేసుకుని కూర్చున్నాయి. రెండు పోయినా మిగతా ఆరూ కలిసి లెక్కకట్టి మొత్తం డేటా అందిస్తాయి, పెట్టెను అలాగే అమర్చారు. ఇంకొకటి పోతే మాత్రం ఇక అంతే సంగతులు. ఆ ఇంకొకటి కావడానికి ఏడో డిస్కు సిద్ధంగా ఉంది. దాని పచ్చదీపం ఉండుండి కొట్టుకుంటోంది.

పైగా వారం వారం బయటి డిస్కులోకి తీయాల్సిన కాపీ ఈసారి తీయలేదు. తనిఖీ వాళ్లొస్తున్నారని బుధవారమంతా పెట్టె వెనక వైర్లు సర్దడంలోనే గడిపింది. కాపీ సంగతి తర్వాత చూద్దాంలే అనుకుంది. తనిఖీ వాళ్లు నిన్న వచ్చారు, వైర్లు చూసి మెచ్చుకుని మరీ వెళ్లారు.

ఆసుపత్రి మంచం మీంచి అన్నయ్య మెసేజ్ పెట్టాడు. 'నా గొంతు ఎప్పుడు పంపుతావ్? నర్సులతో సైగలు చేసీ చేసీ చేతులు పడిపోతున్నాయి.' ఆమె 'వస్తుంది' అని మాత్రం కొట్టి ఫోను బోర్లా పెట్టింది.

కనీసం అన్నయ్య ఫైళ్లయినా బయటికి లాగుదామని చూసింది. కాపీ పదో వంతు కాకముందే ఏడో డిస్కు దీపం గబగబా కొట్టుకుంది. చటుక్కున ఆపేసింది. దీపం నెమ్మదించేదాకా మౌసు ముట్టుకోలేదు.

ఇంతలో కేంద్రం నడిపే డాక్టరమ్మ వచ్చింది. బీరువాలో కొత్త డిస్కులు రెండున్నాయి కదా, పాతవి పీకి అవి పెట్టేయమంది. మామూలుగా అయితే ఎవరైనా చేసేది అదే. కొత్తవాటిని నింపడానికి పెట్టె మిగతా ఆరింటినీ ఈ కొస నుంచి ఆ కొసదాకా చదువుతుంది, గంటలు పడుతుంది. ఆ చదువుడుకు ఏడోది తట్టుకోదని వైర్లమ్మ భయం. డాక్టరమ్మ అంత తేలిగ్గా వినలేదు. ఇంతమందికి మాటిచ్చి చేతులు కట్టుకుని ఎలా కూర్చోమంటావని గట్టిగానే అడిగింది. పది నిమిషాలు ఇమ్మని బతిమాలుకుని, పెట్టె తన కష్టాలన్నీ రాసుకునే చిట్టా తెరిచింది వైర్లమ్మ.

డిస్కు లోపల చెడితే, ఫలానా చోట చదవలేకపోయానని చిట్టాలో పడుతుంది. అలాంటి ముక్క ఒక్కటీ లేదు. మూడు డిస్కులదీ ఒకటే ఫిర్యాదు. అడిగింది అందలేదు, పంపింది దారిలో పాడైంది. పైగా మూడూ పక్కపక్కవే. మొదటి నాలుగు డిస్కులకు ఒక కేబుల్, తర్వాతి నాలుగింటికి ఇంకొకటి. మొరాయిస్తున్నవన్నీ రెండో కేబుల్‌వే.

"డిస్కులు బాగానే ఉన్నాయండి, మధ్యలో దారే బాలేదు," అంది. "పెట్టె ఆపేసి వెనక చూడాలి."

"ఆపితే మళ్లీ లేస్తుందా?"

"తెలీదండి."

ఆ ఒక్క మాట అనడానికి ఆమె ప్రాణం చచ్చింది. లోపల మీ అన్నయ్య గొంతు కూడా ఉంది కదా, నీకే భయం లేకపోతే ఆపెయ్యి అంది డాక్టరమ్మ. భయం లేకపోవడమేంటి, చెమటకు వేళ్లు మౌసు మీద జారిపోతున్నాయి.

పెట్టె ఆగింది. ఫ్యాన్ల హోరు లేని ఆ గదిలో నిలబడ్డం ఆమెకు చేతకాలేదు, టార్చి పట్టుకుని వెనక్కి వెళ్లి వంగింది. బుధవారం అల్లిన జడలు ముచ్చటగా ఉన్నాయి. రెండో కేబుల్‌ని పక్క కట్టతో కలిపి పట్టీ వేసింది తనే. అందం కోసం ఇంకాస్త బిగించిందీ తనే. ఆ లాగుడుకు కేబుల్ కొస ఒక పక్క గూట్లోంచి లేచింది, గోరు దూరేంత సందు. అది చూసి ఆమెకు ఏడుపొచ్చింది. పాపం డిస్కులు ఏం చేశాయి, చేసిందంతా తను.

కత్తెరతో ఆ పట్టీ కోసింది. కసి తీరక చుట్టుపక్కలవీ కోసింది. వైర్లు ఎటుపడితే అటు జారాయి. కేబుల్ కొసను టక్కుమనేదాకా నొక్కి, పెట్టె ఆన్ చేసింది.

నాలుగు దీపాలు వెంటనే వెలిగాయి. అయిదోది ఎంతకీ వెలగలేదు. డాక్టరమ్మ వచ్చి ఆమె భుజం పట్టుకుంది, వదల్లేదు. ఆఖరికి ఒక్కొక్కటే వెలిగాయి, అయిదు, ఆరు, ఏడు, ఎనిమిది. అయిదు ఆరుల్లోకి డేటా మళ్లీ నింపాలి గానీ, ఏడోది బుద్ధిగా వెలుగుతోంది. అన్నిటికంటే ముందు అన్నయ్య ఫైళ్లే బయటి డిస్కులోకి తీసింది. పక్షపాతమే, కాదనదు. తర్వాత మిగతావాళ్లవి తీసింది.

సరిగ్గా వచ్చాయో లేదోనని ఒక ఫైలు తెరిచి ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టుకుంది. అన్నయ్య నిదానంగా వాక్యాలు చదువుతున్నాడు. మధ్యలో ఆగి నీళ్లు తాగాడు. రికార్డు చేసే అమ్మాయితో కాబోలు, నవ్వుతూ అన్నాడు, "వీటికి ఢోకా ఏముందమ్మా. మా చెల్లెలుందిగా, ఇంకో కాపీ తీసి దాచే ఉంటుంది."

ఆమె ఇక వినలేకపోయింది.

తను నోరు విప్పకపోతే ఎవరికీ తెలీదు. కేబుల్ వదులైంది, సరిచేశాను అంటే సరిపోయేది. కానీ తెగిన పట్టీ తీసుకెళ్లి డాక్టరమ్మ బల్ల మీద పెట్టి, కాపీ తీయని సంగతితో సహా చెప్పింది. డాక్టరమ్మ ఆ పట్టీని అటూ ఇటూ తిప్పి చూసింది. ఇకమీదట కాపీ అయ్యాకే వైర్ల ముచ్చట అని మాత్రం అంది.

అన్నయ్యకు చెప్పడం అంతకంటే కష్టమైంది. మూడుసార్లు టైపు చేసి మూడుసార్లు చెరిపింది. చివరికి, 'ఇవాళ నీ గొంతు పోయినంత పనైంది అన్నయ్యా. తప్పు నాదే, కాపీ తీయలేదు. ఇప్పుడు దొరికింది,' అని పంపింది.

జవాబు వచ్చేలోగా కింద పడ్డ పట్టీ ముక్కలన్నీ ఏరింది. వచ్చాక చదవడానికి ధైర్యం చాలక కాసేపు ఫోను పట్టుకునే కూర్చుంది.

'ఒళ్లు మండిపోతోంది. ఆ గొంతు తొందరగా పంపు, నిన్ను తిట్టాలి.'