గేటు ముందు బోనం

పాశమైలారంలో ఆ మందుల కంపెనీ వెనక గోడ దగ్గర ఎండిపోయిన బోరు ఒకటుంది. ఆ మధ్యాహ్నం బాయిలర్ బూడిద ఎత్తడానికి పోయిన నర్సింహమ్మ దాని గొంతులోకి ట్యాంకర్ పైపు దించడం చూసింది. పచ్చగా నురగ కక్కుతూ కంపెనీ మురుగంతా గడగడా భూమిలోకి దిగింది. శుద్ధి చేయిస్తే ఖర్చవుతుంది, భూమి అయితే ఊరికే తాగుతుంది. నర్సింహమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది.

"నువ్వేం సూడలే," అన్నాడు వెనక నుంచి సూపర్‌వైజర్ శివశంకర్. "రేపు గూడ పనికి రావాలె గద."

ఆమె ఏమీ చూడనట్టే వచ్చేసింది. కాంట్రాక్టు కింద ఊడ్చే పని, ఇద్దరు ఆడపిల్లలు, సౌదీలో దమ్మాం ఎండల్లో ఇనుప కడ్డీలు కట్టే మొగుడు మొగులయ్య. పేదోళ్లు కళ్లు మూసుకోవడానికి కారణాలు ఎప్పుడూ సిద్ధంగానే ఉంటాయి. అట్లా ఉండేట్టు చూసుకునేవాళ్లున్నారు.

గోడకు ఇవతలే వాళ్ల వాడ. బోర్లు ఎండిపోయాయి, చెరువు నీళ్లు గొడ్లు కూడా ముట్టవు. మునిసిపాలిటీ ట్యాంకర్ వచ్చిన రోజు బిందెల కొట్లాట, రాని రోజు ఉత్త తిట్లు. ఈ గోస ఫోన్లలో విని విని, దమ్మాం లేబర్ క్యాంపులో ఉన్న వాడ మగవాళ్లంతా ఒక గదిలో కూర్చుని మాట అనుకున్నారు. ఓవర్‌టైం సొమ్ముతో వాడకు బోరు వేయించాలి. మూడేళ్లకు దొరికిన సెలవుకు ఇంటికి రావలసిన మొగులయ్య టికెట్ మానుకున్నాడు. పిల్లలు నీళ్లు తాగితే నన్ను చూసినట్టే అన్నాడు.

నీళ్లు చూసే సంగయ్య అరచేతిలో కొబ్బరికాయ అడ్డంగా పెట్టుకుని వాడంతా తిరిగాడు. కాయ ఎక్కడా కదల్లేదు. కంపెనీ గోడ పక్కకు రాగానే నిటారుగా లేచి నిలబడింది. జనం ఈలలు వేశారు. వీడియో కాల్‌లో చూస్తున్న మొగులయ్య కళ్లు తుడుచుకున్నాడు. అక్కడ నీళ్లెందుకున్నాయో నర్సింహమ్మకు మాత్రం తెలుసు. నోరు తెరిచింది, గేటు కార్డు గుర్తొచ్చి మూసుకుంది. బోరు వేస్తే కింద రాయి తగిలి నీళ్లు పడవులే అని ఆశపడింది. రాయి తగల్లేదు, నీళ్లు జల్దీగానే పడ్డాయి.

కొత్త బోరు నీళ్లు ముందు పోచమ్మకే. వాటితో బోనం వండి అమ్మకు చూపించి, ఆ అన్నం పిల్లలకు పెట్టేదాకా వాడలో ఎవరూ గుక్కెడు తాగరు. ఆడవాళ్లు వరసగా పొయ్యిలు వెలిగించారు. అన్నం పసుపు నురగతో పొంగింది. కొత్త పైపు వాసన అంది వాడలో పెద్దావిడ ముత్యమ్మ. అది ఏ వాసనో నర్సింహమ్మకు తెలుసు. అమ్మకు చూపించి తిరిగి వచ్చాక, ఆమె చిన్నబిడ్డ అందరికంటే ముందు పళ్లెం పట్టుకుని కూర్చుంది.

నర్సింహమ్మ ఆ పళ్లెం లాగేసింది. "తినొద్దు. గివి నీళ్లు గాదు, కంపెనీ మురుగు. బోరుల పోస్తుంటే నేను సూసిన."

వాడంతా ముందు ఆమె మీదే పడింది. ముత్యమ్మ చెంప పగలగొట్టింది. "మొగని చెమట గీ మట్టిల పోస్తుంటే నోట్లె ఏం పెట్టుకున్నవే?" నర్సింహమ్మ ఆ దెబ్బకు తల వంచుకుంది.

సాయంత్రం అందరూ కూర్చున్నారు. గల్ఫ్ వాళ్లనడిగి ఊరవతల ఇంకో బోరు వేద్దామన్నాడు పెద్దమనిషి ఐలన్న. కంపెనీతో పెట్టుకుంటే ఇంటికొకరి పని ఊడుతుందన్నాడు. సగం మంది తలలూపారు, సగం మంది లేచి అరిచారు. చివరికి ఫోన్ మధ్యలో పెట్టి దమ్మాం కలిపారు. క్యాంపు గదిలో అందరూ వింటున్నారు.

"ఇంకో బోరేస్తే అండ్ల గూడ పోస్తరు," అన్నాడు మొగులయ్య. "గీడ మేం కూలి అడిగితే విమానం ఎక్కిస్తరు. మాకు నోరు లేదు. మీకున్నది గద. ఇగ మేం పైసలు పంపేది కొట్లాటకే. నర్సిమ్మా, సూసింది సూసినట్టు చెప్పు. పని పోతే పోనీ."

మర్నాడు షిఫ్టు మారే వేళకు అవే బోనాలు, వేపకొమ్మలతో, కంపెనీ గేటు ముందు నేల మీద వరసగా దిగాయి. మేనేజర్ వెంకటనారాయణ బయటికొచ్చాడు. మీ ఊరి మురికే మీ నీళ్లలో కలిసిందన్నాడు. కంపెనీ పోసిందని ఎవరు చూశారని అడిగాడు.

నర్సింహమ్మ మెడలోని గేటు కార్డు తీసి ఆయన కాళ్ల ముందు పడేసింది. "నేను సూసిన. పైపు వట్టినోళ్ల మొఖాలు గూడ సూసిన. గీ అన్నం ఒక్క ముద్ద తిను సారూ, మేం లేచిపోతం."

ఆయన అడుగు వెనక్కి వేశాడు. లోపలికి పోవలసిన బీహార్, ఒడిశా కూలీలు ఆగిపోయారు. వాళ్లలో ఒకడు "కమ్రేమే హమ్ భీ యహీ పానీ పీతే హై" అని, గదుల్లో తామూ ఈ నీళ్లే తాగుతున్నామంటూ టిఫిన్ డబ్బా కింద పెట్టి ఆడవాళ్ల వెనక కూర్చున్నాడు. మిగతావాళ్లూ కూర్చున్నారు.

పోలీసులు వచ్చారు. విషం ఎవరు పోశారని అడగలేదు, దారి ఎవరు ఆపారని అడిగారు. నర్సింహమ్మను జుట్టు పట్టి వ్యాన్ ఎక్కించారు, ముత్యమ్మను ఈడ్చారు, మిగతావాళ్లను లాఠీలతో రోడ్డు పక్కకు నెట్టారు. ఇక మిగిలినవి కుండలే. వాటిని తీసి పక్కన పెట్టమన్నాడు ఇన్‌స్పెక్టర్.

కానిస్టేబుళ్లు చుట్టుపక్కల ఊళ్లవాళ్లే. పోచమ్మ బోనాన్ని చెప్పుకాళ్లతో ముట్టి ఎరగని ఇళ్లలో పుట్టినవాళ్లు. ఒకడు ముందుకొచ్చి, తన బూట్లు చూసుకుని ఆగాడు. ఇంకొకడు అసలు కదల్లేదు. ఇన్‌స్పెక్టర్ మళ్లీ అరిచాడు.

వ్యాన్ కిటికీ జాలీలోంచి నర్సింహమ్మ చూస్తూనే ఉంది. గేటు లోపల ఖాళీ ట్యాంకర్ బయటికి దారి లేక హారన్ మోగిస్తోంది. నిన్న వద్దన్న ఐలన్న చెప్పులు విడిచి, ఆమె కూర్చున్న చోటే, ఆమె కుండ పక్కన కూర్చున్నాడు. ఆయన పక్కన ఇంకొకరు, వాళ్ల వెనక ఇంకొకరు. హారన్ మోగి మోగి ఆగిపోయింది.