నీలం గీత

సతీష్ మా తమ్ముడి కొడుకు. వాడి లారీ ఖమ్మం నుంచి భద్రాచలం అడవి ఊళ్లకు కిరాణా సరుకు వేసేది. 2009 వానాకాలంలో దారి చూపే జీపీఎస్ మిషన్లు రెండు తెచ్చి నా ముందు పెట్టాడు.

"ఇంట్ల చదివేటిదానివి నువ్వే అత్తా. ఏది కొనాల్నో చెప్పు."

"గద్దెకాడ జంపక్క ఉండంగ మనకు మిషనెందుకు పెద్దమ్మా? గిది కొబ్బరికాయ గూడ అమ్మదాయె," అని డ్రైవర్ దూలయ్య నవ్వాడు.

అడవి మొదట్లో అమ్మవారి గద్దె దగ్గర డ్రైవర్లంతా ఆగి కాయ కొడతారు. కాయలమ్మే జంపక్క వాగు సంగతి చెబితేనే ముందుకు పోతారు.

మొదటి మిషన్ గద్దె మీదుగా చుట్టుదారి చూపింది, రెండోది దగ్గరి దారి. ఆ దారికి అడ్డంగా ఒక నీలం గీత, పక్కన ఇంగ్లిష్ అక్షరాలు ఉన్నాయి. సొంతంగా చదువు నేర్చుకున్న నాకు తెలుగే వచ్చు. ఆ మాట చెప్పడానికి సిగ్గుపడ్డాను. పైగా లారీ మీద వెళ్లిన మా ఆయన తిరిగి రాలేదు. అప్పటినుంచి గడప దాటినవాళ్లు త్వరగా రావాలనే నా ఆరాటం.

"ఇదే తీస్కో. దూలయ్య జల్దీ వస్తడు," అని రెండోదాన్ని చూపాను.

మూడో రోజే లారీ వాగులో కొట్టుకుపోయింది. దూలయ్య చెట్టుకొమ్మ పట్టుకుని బతికాడు. కాలు మాత్రం మోకాలి దాకా తీసేశారు.

"నీళ్లు జూసి ఆగిన పెద్దమ్మా. చదివినామె చెప్పింది గదా అని దింపిన," అన్నాడు ఆసుపత్రిలో.

"ఆ గీత పక్కన ఏం రాసుందో నాకు చదవరాలే దూలయ్యా."



"గా మాట గప్పుడే అంటే జంపక్కను అడిగేటోణ్ణి గద," అని గోడవైపు తిరిగాడు.