నీళ్లు ఉత్తరానికి లాగుతున్నాయి

కోలీన్ ఫోలన్ పడవ, లోపల మనిషి లేకుండా, ఒడ్డుకు కొట్టుకొచ్చిన మూడు వారాలకు, ఇక వెతకడం ఆపేస్తున్నామని కోస్ట్ గార్డ్ వాళ్లు ఇంటికొచ్చి చెప్పి వెళ్లారు. గజ ఈతగాళ్లు ఒక్కొక్కరే వచ్చి అతని భార్య బ్రీజ్ చెయ్యి నొక్కారు. ఒక్కరూ ఆమె మొహంలోకి చూడలేదు. చర్చి హాల్లో ఇన్నాళ్లూ వాళ్లందరికీ టీలు కాచిపోసిన ఆడవాళ్లు పెద్ద గిన్నెలు తోమి బోర్లించేశారు. మర్నాడు పొద్దున్న బ్రీజ్ గుమ్మం ముందు మర్టీ వ్యాన్ వచ్చి ఆగింది.

మర్టీ ఆమె మరిది. కోలీన్‌కి ఒక్కగానొక్క తమ్ముడు, పెళ్లి లేదు. ఆ గుమ్మంలోకి వచ్చి ఏళ్లయిపోయింది. తల్లి పోయాక ఆమె చేను మర్టీ వాటాకి వచ్చింది. సముద్రం ఒడ్డునే ఉన్న ఆ చేలో ఇల్లు కట్టుకుంటానని అన్న ఎంత అడిగినా ఇవ్వకుండా, డబ్లిన్ నుంచి వచ్చిన ఎవరికో వేసవి ఇంటి కోసం అమ్మేశాడు. అప్పటి నుంచి అన్నదమ్ములిద్దరూ ఒకే రేవులో పడవలు కట్టుకుని, పక్కపక్కనే పీతల బుట్టలు సర్దుకుంటూ, ఒకరితో ఒకరు మాట్లాడకుండా బతికారు. కానీ కోలీన్ పడవ ఖాళీగా కనబడ్డ రోజు అందరికంటే ముందు సముద్రంలోకి వెళ్లింది మర్టీయే.

"బూట్లేసుకో వదినా," అన్నాడు వ్యాన్ దిగకుండానే.

"ఎక్కడికి?"

"ఉత్తరానికి. నీళ్లు అటే లాగుతున్నాయి. మేయో, స్లైగో, అక్కడా లేకపోతే డానెగాల్. వాళ్లు ఆపేస్తే మనమూ ఆపేస్తామా ఏంటి?"

"నీ బండంతా చేపల కంపు."

"తిరిగొచ్చేటప్పుడు ఇందులో పడుకునే వాడేం అనుకోడులే." అనేసి మర్టీ నాలిక కరుచుకున్నాడు. బ్రీజ్ లోపలికి వెళ్లి బూట్లేసుకుని, పొయ్యిలో నిప్పు మీద బూడిద కప్పి వచ్చింది.

ఐర్లండ్ పడమటి తీరం వెంట, వేసవిలో ఎక్కడెక్కడి జనమో వచ్చి తిరిగే రోడ్డు అది. ఒకపక్క సముద్రం, ఒకపక్క తుప్పురంగు బీడు, గుర్తుకి వీపుల మీద నీలం రంగు పూసిన గొర్రెలు రోడ్డుకడ్డంగా. అక్టోబరు నెలాఖరైనా సెలవులని బళ్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. కొండకొమ్ము వచ్చిన చోటల్లా బండి ఆపుకోవడానికి జాగా, ఓ బోర్డు ఉంటాయి. మిగతావాళ్లు ఫోన్లు పట్టుకుని దిగేవాళ్లు. వీళ్లు బైనాక్యులర్స్ పట్టుకుని దిగేవాళ్లు. చూసేవాళ్లకి ఏం తేడా తెలుస్తుంది?

ఒకచోట కొత్తగా పెళ్లయిన జంట బ్రీజ్ చేతిలో ఫోను పెట్టి, సముద్రం వెనక పడేలా ఓ ఫొటో తీయమని అడిగారు. తీసింది. వాళ్లు నవ్వుతూ నిలబడితే, ఆమె వాళ్ల భుజాల మీదుగా నీళ్లలో తేలుతున్న నల్లటి దాన్ని చూస్తూ ఉండిపోయింది. అది సీల్ జంతువు. తల తిప్పి మునిగిపోయింది.

"అబ్బ, ఎంత అదృష్టవంతులండీ మీరు, రోజూ ఈ సముద్రం చూస్తూ ఉంటారు," అంది ఆ పిల్ల ఫోను తీసుకుంటూ.

"అవునమ్మా," అంది బ్రీజ్.

ఇసుక ఉన్నచోట దిగి నడిచేవాళ్లు. బ్రీజ్ పోటు నీళ్లు వదిలిన గీత వెంట నాచుకుప్పలు కర్రతో తిరగేసుకుంటూ పోయేది. మర్టీ బండల మధ్య సందుల్లోకి దూరేవాడు. తాళ్లు, ప్లాస్టిక్ డబ్బాలు, చచ్చిన పక్షులు, ఎవరిదో ఒంటి చెప్పు. మేయోలో ఓ చిన్న రేవు దగ్గర ఓ ముసలాయన విషయం విని టోపీ తీశాడు. తన తండ్రి కాలంలో గడ్డిమోపు మీద కొవ్వొత్తి వెలిగించి నీళ్లలో వదిలేవాళ్లనీ, మునిగిన మనిషి ఎక్కడుంటే అక్కడికి వెళ్లి నిలిచిపోయేదనీ చెప్పాడు.

"ఈ గాలికి అగ్గిపుల్ల కొవ్వొత్తి దాకా కూడా రాదు, పెద్దాయనా," అన్నాడు మర్టీ.

"గడ్డి ఎక్కడ దొరుకుతుంది?" అని అడిగింది బ్రీజ్.

మర్టీ వాదించలేదు. ఓ రైతు కొట్టం దగ్గర ఆగి మోపు అడిగి తెచ్చాడు. రెండుసార్లు వదిలారు. కొవ్వొత్తి రెండుసార్లూ ఆరింది, మోపు మళ్లీ ఒడ్డుకే వచ్చింది. మూడోసారి వద్దంది బ్రీజ్.

స్లైగో చేరేసరికి వాన పట్టుకుంది. ఊళ్లో ఎక్కడా గది లేదు. సెలవులు ఒకటి, పైగా కోటలో పెళ్లి. కిరాణాకొట్టు ఆవిడ వాళ్ల తడిబట్టలు చూసింది, ఫోలన్ అన్న పేరు విన్నది, ఇంకేమీ అడగకుండా ఫోనందుకుంది. రేడియోలో ఆ పేరు వినని వాళ్లు ఆ తీరంలో లేరు. "కోట వాళ్లు బురుజు గది ఇస్తారట. కాస్త కురుస్తుందట, పర్లేదా?" అంది.

ద్రుమ్‌వారి కోట ఒకప్పుడు దొరలది, ఇప్పుడు హోటలు. రాళ్ల మీద తీగ పాకిన గోడలు, గుమ్మం దాకా గులకరాళ్ల దారి, కిటికీకో దీపం. వరండాలో పెళ్లివారు గొడుగులు మూస్తూ కేరింతలు కొడుతున్నారు. కోట యజమాని బ్లేక్నీ అనే ముసలాయన. మోచేతుల దగ్గర చిరిగిన స్వెట్టరుతో తనే ఎదురొచ్చి బ్రీజ్ సంచి అందుకున్నాడు.

"మీ కష్టానికి చాలా బాధగా ఉందమ్మా," అన్నాడు.

మెట్లెక్కుతూ మర్టీ గొణిగాడు. "మన తాతలు కౌలు కట్టడానికొస్తే ఇలాంటి దొరలు గేటు కూడా దాటనివ్వలేదు. ఇవాళ చూడు, మనకి సంచులు మోస్తున్నారు."

"నోర్ముయ్ మర్టీ. వినబడుతుంది."

"వినబడనీ. గది ఇచ్చినందుకు మాత్రం దేవుడు ఆయన్ని చల్లగా చూడాలి."

గదిలో తెరలు కట్టిన పాతకాలపు మంచం ఒకటే. మూల ఓ బకెట్టు, అందులో చుక్కచుక్కగా వాన. మర్టీ కుర్చీ కిటికీ దగ్గరికి లాక్కున్నాడు. కాసేపటికి ఓ పిల్ల వచ్చి పెళ్లివిందులోంచి పళ్లెం ఇచ్చి వెళ్లింది. మూత తీస్తే వెన్నలో వేయించిన పీత డెక్కలు.

ఇద్దరూ వాటికేసి చూశారు. ఇద్దరూ పుట్టి బుద్ధెరిగిన దగ్గర నుంచి పీతలు పట్టి అమ్ముకుని బతికినవాళ్లు. సముద్రం అడుగున పీతలు ఏం తింటాయో ఇద్దరికీ తెలుసు. మర్టీ మూత పెట్టేసి, పళ్లెం తీసుకెళ్లి మెట్ల మీద పెట్టొచ్చాడు.

కింద బ్యాండు మొదలైంది. నేల కింద నుంచి ఆ దరువు మంచం కోళ్లలోకి ఎక్కుతోంది. బ్రీజ్ తడి మేజోళ్లు పిండి ఆరేస్తూ, వెనక్కి తిరగకుండానే అంది:

"ఆ చేను ఇచ్చుంటే మేం ఇల్లు కట్టుకునేవాళ్లం. ఇల్లు అద్దెకిచ్చుకుంటే వేసవంతా డబ్బు వచ్చేది. ఈ వయసులో ఒంటరిగా పడవేసుకుని పోవాల్సిన ఖర్మ ఆయనకేంటి?"

"ఇన్నాళ్లూ ఇదే మింగుకుని కూర్చున్నావా బండిలో?"

"ఇన్నాళ్లు కాదు. ఇన్నేళ్లు."

"వాడు అడిగాడా, వదినా? ఆజ్ఞ వేశాడు. 'నీకు పెళ్లాం లేదు, పిల్లలు లేరు, నీకెందుకురా' అన్నాడు. అమ్మ శవం లేవకుండానే అన్నాడు. నువ్వక్కడే ఉన్నావు. టీ పోస్తున్నావు."

ఉంది. ఆ మాట వింది కూడా. బ్రీజ్ చేతిలో మేజోడు అలాగే పట్టుకుని నిలబడిపోయింది.

"అందుకే అమ్మాను," అన్నాడు మర్టీ. గొంతు తగ్గింది. "వాడికి మండాలని అమ్మాను. ఆ డబ్బు ముట్టుకోబుద్ధి కాలేదు. వాడు పోయే ముందురోజు పొద్దున్న రేవులో నా పడవ తాడు ముడి జారితే, తనే వంగి కట్టాడు. కట్టి, నాకేసి చూశాడు. నేను మొహం తిప్పుకున్నాను."

అతను ఏడవలేదు. కిటికీ అద్దానికి నుదురు ఆనించుకుని అలాగే ఉండిపోయాడు. అతన్ని ఓదార్చాలో, చెంప పగలగొట్టాలో బ్రీజ్‌కి తెలియలేదు. మంచం మీది దుప్పటి ఒకటి తీసి అతని వీపు మీద పడేసి, వెళ్లి పడుకుంది.

పొద్దున్న మర్టీ ఫోను మోగింది. అక్కడికి ఇంకా ఉత్తరాన, ఓ ఇసుకతీరం మీద కుక్కని తిప్పుతున్న ఒకావిడకి మనిషి కనబడ్డాడు. మగమనిషి. నీళ్లలో చాలా వారాలున్నాడు. బట్టలు మిగల్లేదు. ఆస్పత్రికి తీసుకెళ్తున్నారు, అక్కడికి రండి అన్నారు పోలీసులు.

మెట్లు దిగుతుంటే పెళ్లివారు కాఫీ తాగుతున్నారు. నిన్నటి పూలు తలలోంచి ఇంకా తియ్యని తోడిపెళ్లికూతురు ఒకతె బ్రీజ్ చెయ్యి పట్టుకుంది. "మీరు అమ్మాయి తరఫువాళ్లా, అబ్బాయి తరఫువాళ్లా?"

"మా ఆయన దొరికాడమ్మా," అంది బ్రీజ్. ఆమె మొహంలో వెలుగు చూసి ఆ పిల్ల, సంగతేమిటో తెలియకే, "అయ్యో, ఎంత మంచి మాట!" అంటూ ఆమెను కౌగలించుకుంది.

వ్యాన్‌లో కూర్చోగానే బ్రీజ్ గాల్వేలో ఉన్న కూతురికి ఫోన్ చేసింది.

"ఆగు వదినా," అన్నాడు మర్టీ. "ముందు చూద్దాం."

ఆమె ఆగలేదు. "గ్రాన్యా, నాన్న దొరికాడే. అవును తల్లీ. స్లైగోలో. ఫాదర్‌కి చెప్పు, సమాధి తవ్వించమను. నానమ్మ పక్కనే." అవతల నుంచి కూతురి ఏడుపు వ్యాన్ అంతా వినబడింది. ఆ ఏడుపు వింటూ బ్రీజ్ నవ్వింది. ఆమె నవ్వగా మర్టీ చూడటం, బయలుదేరాక అదే మొదటిసారి.

ఆస్పత్రిలో వాళ్లని బల్లలు వేసిన ఓ వసారాలో కూర్చోబెట్టారు. శవాన్ని చూపించడానికి ఒప్పుకోలేదు. "గుర్తుపట్టేలా లేదమ్మా, చూడొద్దు," అంది పోలీసామె. ముప్పై దాటని పిల్ల, టోపీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. బ్రీజ్ తనకు గుర్తున్నదంతా చెప్పింది. ఎడమకాలి మీద ట్రాక్టరు పడిందనీ, పిక్క ఎముకకి ఇనుప పలక వేశారనీ, చలికాలం వస్తే పడవెక్కేటప్పుడు కుంటుతాడనీ. "ఆ పలక చూస్తే చాలు," అంది. డాక్టరు ఎక్స్‌రే తీయడానికి వెళ్లాడు. టీ ఇచ్చారు. టీ చల్లారింది. మర్టీ చేతులు రెండూ మోకాళ్ల మధ్య పెట్టుకుని నేలకేసి చూస్తున్నాడు. బ్రీజ్ మాత్రం మాట్లాడుతూనే ఉంది. పెట్టె మూత తియ్యొద్దనీ, అయినా లోపల ఆయన నీలం చొక్కా పెట్టాలనీ, మోసేవాళ్లలో మర్టీ ముందుండాలనీ.

డాక్టరు తలుపు తీసుకుని వచ్చి ఆమె ఎదురుగా మోకాళ్ల మీద కూర్చున్నాడు. అతను అలా కూర్చోగానే మర్టీకి తెలిసిపోయింది.

"పలక లేదమ్మా. ఏ కాలికీ లేదు. ఈయన వయసులో బాగా చిన్నవాడు."

"మళ్లీ చూడండి."

"రెండుసార్లు చూశామమ్మా."

"ఊడిపోయుంటుంది. నీళ్లలో ఇన్నాళ్లున్నాడు."

"అది ఎముకకి బిగించి ఉంటుందమ్మా. ఊడదు."

బ్రీజ్ పోలీసు పిల్ల వైపు తిరిగింది. "ఎవరితను? ఎవరైనా వచ్చారా అతని కోసం?"

"ఇంకా తెలియదు."

"అయితే నాకిచ్చెయ్యండి." గొంతులో ఆవేశం లేదు. దుకాణంలో మిగిలిన సరుకు అడిగినట్టు అడిగింది. "ఎవరూ రాకపోతే ఎక్కడో పాతిపెడతారు కదా. నేను తీసుకెళ్తాను. అక్కడ గుంట తవ్వుతున్నారు. నేను బాగా చూసుకుంటాను."

"వదినా," అన్నాడు మర్టీ.

"నువ్వు మాట్లాడకు! నీకు చేను అమ్మిన డబ్బైనా మిగిలింది. నాకు పాతిపెట్టుకోవడానికి ఓ మనిషి కావాలి!" లేచి డాక్టరు కోటు రెండు చేతులా పట్టుకుంది. మర్టీ వెనక నుంచి ఆమె నడుం చుట్టూ చేతులు వేసి, వలలోంచి తాడు విడదీసినట్టు ఒక్కో వేలూ విడదీశాడు. ఆమె అతని మోచేతిని కొరికింది. అతను వదల్లేదు. కాసేపటికి ఆమె కిందికి జారితే, తనూ ఆమెతో పాటు నేల మీద కూర్చున్నాడు.

కూతురికి రెండోసారి ఫోను మర్టీయే చేశాడు. బయట వానలో నిలబడి చేశాడు.

ఆ తర్వాత ఇంకొన్నాళ్లు వెతుకుతూ డానెగాల్ చివరి దాకా వెళ్లారు. బ్రీజ్ దిగేది, నడిచేది, కర్రతో నాచు తిరగేసేది. కానీ ఇదివరకటిలా అంత దూరం పోయేది కాదు. నవంబరు గాలులు మొదలై రోడ్డు మీదికి కెరటాలు ఎక్కినప్పుడు, "ఇంటికి పోదాం," అంది. మర్టీ బండి తిప్పాడు.

క్రిస్మస్ ముందు ఆ చనిపోయిన మనిషి ఎవరో తెలిసింది. దక్షిణాన క్లేర్‌లో ఓ పల్లె కుర్రాడు. వేసవి చివర్లో కొండ అంచు మీద బట్టలు మడిచి పెట్టి కనబడకుండా పోయాడు. పేరు ఫిన్‌బార్. బ్రీజ్ రేడియోలో విని మర్టీ ఇంటికి నడుచుకుంటూ వెళ్లింది. "నన్ను తీసుకెళ్తావా?" అని అడిగింది. దేనికని అతను అడగలేదు.

చర్చి నిండా జనం. సమాధి దగ్గర బురదలో అందరూ వరస కట్టి ఆ కుర్రాడి తండ్రి చెయ్యి పట్టుకుని పలకరిస్తున్నారు. పొడుగాటి మనిషి, పాడి రైతు. ఏడ్చి ఏడ్చి కళ్లు ఎండిపోయాయి. బ్రీజ్ వంతు వచ్చింది. ఎవరో తెలియక అతను ఆమెకేసి చూశాడు. ఆమె చెప్పింది. ఆస్పత్రిలో అడిగిన మాట కూడా దాచకుండా చెప్పింది.

అతను చాలాసేపు ఆమె చెయ్యి వదల్లేదు. "మీరైనా అడిగారు," అన్నాడు చివరికి. "మేం వాడు ఎక్కడో బతికే ఉన్నాడనుకుంటూ, ఒడ్డుకి వెళ్లి వెతకనే లేదు."

మట్టి పడుతున్నంత సేపూ బ్రీజ్ కదలకుండా చూసింది. పార మట్టిలో దిగడం, పెట్టె మూత మీద ఆ మొదటి చప్పుడు, తర్వాత మట్టి మీద మట్టి పడే మెత్తటి చప్పుడు. తనకు అసూయగా ఉందని ఆమెకు తెలుసు. సిగ్గుపడే ఓపిక కూడా లేదు.

కోలీన్ దొరకలేదు. ఆ చలికాలంలోనూ దొరకలేదు, తర్వాతి చలికాలంలోనూ దొరకలేదు. అత్తగారి సమాధి పక్కన తవ్విన గుంటని మర్టీ ఒక్కడే వెళ్లి పూడ్చేశాడు. ఆదివారాలు అతను బ్రీజ్ ఇంటికి భోజనానికి వస్తాడు. ఉడికించిన బంగాళాదుంపలు, క్యాబేజీ, పంది మాంసం. బ్రీజ్ చేప వండదు. తినేటప్పుడు ఇద్దరూ పెద్దగా మాట్లాడుకోరు. చేను ఊసు ఇద్దరూ ఎత్తలేదు. క్షమించారో లేదో వాళ్లకే తెలియదు. తిన్నాక మర్టీ తన పళ్లెం తనే కడిగి, వెలుతురుండగానే ఇంటికి వెళ్లిపోతాడు.